ఇంట్లో వాడే ఫ్రిజ్ మెడికల్ షాపుకి సరిపోతుందా? ఇంకా ఏం చూసుకోవాలి?

మండల కేంద్రంలో చిన్న షాపు, లైసెన్సు వచ్చేసింది, ఇన్సులిన్‌కి సింగిల్ డోర్ ఫ్రిజ్ చాలా అని అడిగారు. ఫ్రిజ్ చాలు. లోపల థర్మామీటర్ లేకపోతే మాత్రం చాలదు.

గరిష్ఠ, కనిష్ఠ రీడింగులు రెండూ గుర్తుపెట్టుకునే డిజిటల్‌ది కొనండి. దాని వైరు కొసను మధ్య అరలో, ఇన్సులిన్ డబ్బాల మధ్యే పెట్టండి. 2 నుంచి 8 డిగ్రీల లోపు ఉండాలి. పొద్దున షట్టర్ ఎత్తగానే, రాత్రి దించే ముందు చూసి, రాసుకుని రీసెట్ నొక్కండి. ఫ్రిజ్ డయల్ మీద కనిపించే 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు.

వేడి సంగతి అందరూ చూస్తారు, గడ్డకట్టే సంగతి మర్చిపోతారు. ఫ్రీజర్ కింద ఉండే చిల్ ట్రేలోనూ, వెనక గోడకి ఆనించీ ఇన్సులిన్ పెట్టొద్దు. ఒక్కసారి గడ్డకట్టిన వయల్ (ఇన్సులిన్ సీసా) కరిగాక మామూలుగానే కనిపించవచ్చు, దాని బలం మాత్రం నమ్మలేం. పారేయాల్సిందే. తలుపు అరలూ వద్దు, తీసినప్పుడల్లా వేడెక్కుతాయి. అక్కడా, కింది కూరగాయల డబ్బాలోనూ నీళ్ల సీసాలు నింపి పెట్టండి. కరెంటు పోయినప్పుడు అవే చల్లదనాన్ని కాసేపు నిలుపుతాయి. తలుపు తీయకుండా ఉంటే చాలు. పేషెంటుకి ఇచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ నేరుగా తగలకుండా మధ్యలో కాగితమో గుడ్డో చుట్టండి.

మిగతా మందులకి గది వేడి కూడా ముఖ్యమే. చాలా డబ్బాల మీద 30 డిగ్రీల లోపు అని ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికి ఏసీ ఆపి, షట్టర్ దించి భోజనానికి వెళ్లిన ఆ రెండు గంటలే అసలు పరీక్ష. గదిలోనూ ఇలాంటి థర్మామీటరే పెడితే తెలిసిపోతుంది. పడమటి అద్దంలో అందంగా పేర్చిన సిరప్ సీసాలను ముందు అక్కణ్ణుంచి తీసేయండి.

ఇన్సులిన్ సిరంజిల విషయంలో జరిగే పొరపాటు ఫ్రిజ్ పొరపాటు కన్నా ప్రమాదం. మన దగ్గర వయల్స్ మిల్లీలీటరుకి 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. 100 యూనిట్ల వయల్‌కి ఎర్ర మూత సిరంజి ఇస్తే, 20 గీత దాకా లాగినవాళ్లకి అర మిల్లీలీటరు వస్తుంది, అంటే 50 యూనిట్లు. షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. తారుమారై 40 వయల్‌కి నారింజ మూతది ఇస్తే 20 గీతకి 8 యూనిట్లే పడతాయి. వయల్, సిరంజి రెండూ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి అంకె చదివాకే బిల్లు కొట్టండి.

పేర్లు కూడా ముంచుతాయి. ఫోలిట్రాక్స్ అంటే మెథోట్రెక్సేట్, ఫోల్వైట్ అంటే ఫోలిక్ యాసిడ్. పక్కపక్క అరల్లో పెట్టకండి. కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారే. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. కవరు మీద "ఆదివారం మాత్రమే" అన్నట్టు వారం పేరు తెలుగులో రాసి, పేషెంటు చేత ఒకసారి చెప్పించండి.

మాత్రల షీటు కత్తిరించేటప్పుడు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అచ్చయిన చివర మీ దగ్గరే మిగలాలి. అవతలి చివర నుంచి కోయండి. ఇచ్చే ముక్కకి కవరు మీద మందు పేరు, పవర్, ఎక్స్‌పైరీ రాయండి. ఎక్స్‌పైరీ 07/2026 అంటే జులై 31 దాకా. అయితే మూడు నెలల కోర్సుకి ఆ జూన్‌లో అదే షీటు ఇస్తే లాభమేముంది? అందుకే మూడు నెలల ముందే ఎర్ర స్టిక్కర్ వేసి ముందు వరసకి లాగండి. గడువు దాటినవి వేరే పెట్టెలో, "అమ్మకానికి కాదు" అని రాసి, డిస్ట్రిబ్యూటర్ తీసుకెళ్లేదాకా తాళం వేసి ఉంచండి.

రికార్డుల్లో ఇబ్బంది పెట్టేది షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన కొన్ని మందుల అమ్మకాలు రాసే పుస్తకం. 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్, ట్రమడాల్, ఆల్ప్రజోలామ్ లాంటివన్నీ ఇందులోకే వస్తాయి. డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు, ఎంత ఇచ్చారో రాసి మూడేళ్లు దాచాలి. రాత్రి కూర్చుని ఒకేసారి నింపుదామనుకుంటే డాక్టరు చిరునామా దొరకదు, చీటీ పేషెంటుతో పాటు ఇంటికెళ్లిపోయి ఉంటుంది. బిల్లు కొట్టేటప్పుడే, చీటీ చేతిలో ఉండగానే రాసేయండి.