గోధుమరంగు బల్బు ఎందుకు దొరకదు?

ప్రశ్న: ఇంద్రధనుస్సులో గోధుమరంగు లేదు, ఆ రంగు బల్బూ ఎక్కడా చూడలేదు. మరి అది ఎక్కణ్ణుంచి వస్తోంది?

జవాబు: పోలిక నుంచి. గోధుమరంగు అని విడిగా ఒక కాంతి లేదు. సుమారు 590–620 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న నారింజ కాంతే, చుట్టుపక్కల వాటికన్నా బాగా మసకగా ఉన్నప్పుడు మన కంటికి గోధుమరంగవుతుంది. చీకట్లో ఒంటరిగా వెలిగే బల్బుకు పక్కన పోల్చుకోవడానికేమీ ఉండదు కాబట్టి, ఎంత తగ్గించినా అది మసక నారింజే.

ఫోన్‌లోనే చూడొచ్చు. బొమ్మలు గీసే యాప్‌లో తెల్లటి నేపథ్యం మీద చిన్న చదరం గీసి, దాని రంగు అంకెల్లో ఎరుపు 128, ఆకుపచ్చ 70, నీలం 0 ఇవ్వండి. అచ్చమైన గోధుమరంగు. ఇప్పుడు నేపథ్యాన్ని నల్లగా మార్చి, గదిలో దీపాలార్పి, తెర వెలుతురు పూర్తిగా పెంచి ఒక నిమిషం ఆగి చూడండి. అంకెలు మారకుండానే చదరం నారింజ వైపు మళ్లుతుంది. మళ్లలేదా? తెర పైన బటన్ల తెల్లపట్టీ ఉందేమో చూడండి. సన్నటి గీతైనా సరే, కన్ను దాన్నే కొలబద్దగా పట్టుకుంటుంది. నల్లకాగితంతో కప్పేయండి.

ప్రశ్న: పసుపు పెయింటులో నలుపు కలిపితే గోధుమరంగుకి బదులు పాచిరంగు వచ్చింది. ఎందుకు?

జవాబు: పసుపును ముదర్చితే ఆకుపచ్చ ఛాయ తేలుతుంది, నల్ల పెయింట్లు చాలావాటిలో నీలి ఛాయ కూడా ఉంటుంది. నారింజతో మొదలుపెట్టండి. పసుపు రెండు పాళ్లు, ఎరుపు ఒక పాలు కలిపి, నీలాన్ని బ్రష్ కొసతో కొద్దికొద్దిగా చేర్చండి. ఒక్కసారే పోస్తే బూడిదరంగులోకి జారిపోతుంది. ఆకుపచ్చగా మారితే ఎరుపు, ఊదాగా మారితే పసుపు వేయండి. ఆరాకే తీర్పు చెప్పండి: వాటర్ కలర్ ఆరితే తేలిపోతుంది, యాక్రిలిక్ ముదురుతుంది.

ప్రశ్న: ఈ రంగుకు సొంత పేరే లేదా? గోధుమల పేరెందుకు?

జవాబు: ఇది మన ఒక్కరి సంగతి కాదు. టర్కిష్‌లో దీన్ని ‘కాఫీ రంగు’ అంటారు, జపనీస్‌లో ‘టీ రంగు’. రష్యన్ మాట దాల్చినచెక్క నుంచి వచ్చింది. భాషల్లో రంగుల పేర్లు ఒక వరుసలో స్థిరపడతాయనీ, అందులో గోధుమరంగు నీలం తర్వాతే వస్తుందనీ బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అనే పరిశోధకులు 1969లో ప్రతిపాదించారు. విచిత్రమేమంటే, ముదురు నీలం అంటాం, ముదురు ఆకుపచ్చ అంటాం, ముదురు నారింజ అని మాత్రం దీన్ని అనం.

మన మాటతో ఒక చిక్కుంది. గోధుమగింజ లేతరంగు, చెక్క ముదురు, రెండూ గోధుమరంగే. పెయింటరుకు రంగు చెప్పేటప్పుడు తేనె, ఇటుక, కాఫీ గింజ అని వస్తువు పేరు చెప్పండి, లేదా నమూనా ముక్క చేతికివ్వండి.