నూటికి ఎంత పడుతోంది?

ఈసారి నాలుగు ఉత్తరాలే తీసుకున్నాను, రెండింటికి జవాబు బాగా పొడుగైంది, ఏమనుకోకండి. ముందు చిన్న సంగతి. బ్యాంకువాళ్లు ఏడాదికి ఇంత శాతం అంటారు, పాలసీ అమ్మేవాళ్లు ఏకంగా "రెట్టింపు" అంటారు, రెండూ పక్కపక్కన పెట్టి చూడటం ఎవరివల్లా కాదు. మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు గానీ ఎవరు ఏ స్కీము చెప్పినా "అవన్నీ సరే, నూటికి ఎంత పడుతోంది?" అని అడిగేది. నేనూ అదే కొలత వాడుతున్నాను. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, అర్ధరూపాయి అంటే 6. కింద ఉన్నదంతా ఈ లెక్కే.

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 18 వేలు. మా వీధిలో ఒకావిడ దగ్గర లక్ష రూపాయల చీటీ వేశాను. 20 మందిమి, నెలకు 5 వేలు, 20 నెలలు. పాట తగ్గింపు పోను ఇప్పటికి మూడు నెలలు నాలుగేసి వేలు కట్టాను. ఈ నెల పాడుకుంటే 75 వేలు చేతికొస్తాయి. దాన్ని తెలిసిన కూరగాయల వ్యాపారికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తే నెలకు 1,500 వస్తుంది కదా, పాడెయ్యమంటారా? మాకు ఏడేళ్ల పాప ఉంది. (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. ఆ 1,500 లాభం కాదు, ఎందుకో చెప్తాను, కాగితం తీసుకోండి.

చేతికొచ్చే 75 వేలల్లో మీరు ఇప్పటిదాకా కట్టిన 12 వేలు, ఈ నెల కట్టాల్సిన 4 వేలు మీ సొంత డబ్బే. అంటే మీకు అప్పుగా దొరికేది 59 వేలు. మిగిలిన 16 నెలలూ సగటున 4,400 చొప్పున కడతారనుకుందాం (పోనుపోను పాట తగ్గుతుంది కాబట్టి కట్టేది పెరుగుతుంది), మొత్తం 70,400. తీసుకున్నదానికంటే 11,400 ఎక్కువ. "పదహారు నెలలకి అంతేగా" అనిపిస్తుంది, అక్కడే అందరం మోసపోతాం, ఎందుకంటే ఆ 59 వేలు పదహారు నెలలూ మీ దగ్గర ఉండదు, నెలనెలా తీరిపోతూ ఉంటుంది, సగటున మీ మీద ఉన్న అప్పు 33 వేలే. నెలకు 712 రూపాయలు 33 వేల మీద. నూటికి రెండు రూపాయల పైన పడుతోంది!

రెండు రూపాయల పదిహేను పైసలకు తెచ్చి రెండు రూపాయలకు ఇస్తున్నారన్నమాట. పైగా ఆ వ్యాపారి ఒక నెల ఎగ్గొట్టినా చీటీ డబ్బు మీరు జీతంలోంచి కట్టాల్సిందే.

అదే ఎత్తకుండా చివరిదాకా ఉన్నారనుకోండి. మొత్తం కట్టేది 86,400, నడిపే ఆవిడ కమీషన్ 5 వేలు పోను వచ్చేది 95 వేలు. లెక్క వేస్తే నూటికి రూపాయి, ఇంకో ఆరు పైసలు. ఏ బ్యాంకూ ఇవ్వదు అంత. ఆపరేషనో, పెళ్లో, కాలేజీ ఫీజో ఉండి ఎత్తుకున్నా తప్పు లేదు, హామీ లేకుండా రెండు రూపాయలకు అప్పు పుట్టడం చిన్న విషయం కాదు. చీటీ చెడ్డదని నేను అనను. అవసరానికి ఎత్తాలి, లేకపోతే చివరిదాకా ఆగాలి, వడ్డీ వ్యాపారానికి మాత్రం ఎత్తకూడదు.

అయితే ఆ రూపాయి ఆరు పైసలు ఊరికే రావడం లేదు, ఆవిడ ఊళ్లో ఉంటుందన్న నమ్మకానికి వస్తోంది. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకుని రిజిస్టర్ చెయ్యకుండా చీటీ నడపకూడదు. రిజిస్టర్ చేసిన చీటీలో నడిపేవాళ్లు చీటీ మొత్తానికి సమానమైన సెక్యూరిటీని రిజిస్ట్రార్ దగ్గర పెట్టాలి, కమీషన్ కూడా 7 శాతం దాటకూడదు. మరి జనం వీధి చీటీలకే ఎందుకు వెళ్తారంటే, కంపెనీలో పాడుకున్నాక ష్యూరిటీలు అడుగుతారు, ప్రభుత్వ ఉద్యోగి సంతకం కావాలంటారు, ఆ తిరుగుడు ఎవరికీ ఇష్టం ఉండదు. మీరు మాత్రం చివరిదాకా ఆగే మనిషి, మీకు ష్యూరిటీ గొడవే లేదు! కాబట్టి ఇది అయ్యాక తర్వాతి చీటీ రిజిస్టర్ అయినదాంట్లోనే వెయ్యండి, చిన్నది వెయ్యండి.

మిగిలిన డబ్బు పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతాలో. పదేళ్లలోపు ఆడపిల్లకే తెరుస్తారు, మీకు ఇంకా టైముంది. వడ్డీ ఇప్పుడు 8.2 శాతం, అంటే నూటికి 68 పైసలు, చీటీ కంటే తక్కువే, కానీ ఇక్కడ ఎవరూ ఊరు వదిలి పోరు. నెలకు 2,500 చొప్పున 15 ఏళ్లు కడితే మీ చేతినుంచి పోయేది నాలుగున్నర లక్షలు, రేటు ఇలాగే ఉంటే ఖాతా తెరిచిన 21 ఏళ్లకు 13 నుంచి 14 లక్షల మధ్య వస్తుంది. పాపకు పద్దెనిమిది నిండాక చదువుకి సగందాకా తీసుకోవచ్చు.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 26, జీతం నెలకు 68 వేలు. నాన్న స్నేహితుడు పాలసీ ఏజెంట్, ట్యాక్స్ కలిసొస్తుందని 2023లో ఒక ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు రెండూ కలిసినది) చేయించారు. ఏడాదికి 50 వేలు, 20 ఏళ్లు, చివర్లో 19 లక్షల దాకా వస్తుందన్నారు. 10 లక్షల బీమా. రెండు ప్రీమియంలు కట్టాను, మూడోది కట్టమని ఫోన్లు. ఫ్రెండ్స్ క్లోజ్ చేసెయ్యమంటున్నారు. అంకుల్‌తో మొహమాటం. ఏం చెయ్యాలి?

జవాబు: నీ ఫ్రెండ్స్ చెప్పింది రెండేళ్ల క్రితం చెప్పాల్సిన మాట బాబూ. ఇప్పుడు లెక్క మారింది.

ఆ 19 లక్షలు నూటికి 48 పైసలు. పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతాలో 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం ఇస్తున్నారు, అంటే 59 పైసలు. అదే 50 వేలు మొదటి రోజునుంచీ అక్కడ వేసి, 15 ఏళ్లయ్యాక ఇంకో ఐదేళ్లు పొడిగించుకుంటే 22 లక్షలు దాటేది. కాబట్టి చేరడం తప్పే, అందులో సందేహం లేదు.

కానీ ఇప్పుడు బయటికొస్తే? అప్పటి నిబంధనల కింద, రెండు ప్రీమియంలు కట్టినవాళ్లకు గ్యారంటీగా వచ్చే సరెండర్ విలువ (మధ్యలో ఆపేస్తే తిరిగిచ్చేది) కట్టినదాంట్లో 30 శాతం. నీకు 30 వేలు, మిగతా 70 వేలు పోయినట్టే. ఆ 30 వేలూ, ఇక మీద కట్టాల్సిన 18 ప్రీమియంలూ పీపీఎఫ్‌లో వేస్తే చివరికి తేలేది 19 లక్షల 40 వేలు. అంటే ఇంత రభస చేసి, అంకుల్‌తో మాటలు పోగొట్టుకుని, ఇరవై ఏళ్లకు మిగిలేది 40 వేలు. నేనైతే కదిలించను. (ఒకసారి కంపెనీకి మెయిల్ పెట్టి అసలు సరెండర్ విలువ ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకో, 30 శాతం కంటే బాగా ఎక్కువ ఇస్తామంటే అప్పుడు మళ్లీ ఆలోచిద్దాం.)

ఇక ట్యాక్స్ సంగతి. నీ ఏడాది జీతం 8 లక్షల 16 వేలు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి ఉద్యోగస్తులకు 12 లక్షల 75 వేల దాకా పన్ను లేదు. లేని పన్నును ఏ పాలసీ తగ్గిస్తుంది? మార్చి వచ్చిందంటే ఆఫీసుల చుట్టూ తిరిగే ఈ "ట్యాక్స్ సేవింగ్" మాట నీలాంటి జీతాలకు ఇప్పుడు వర్తించదు, ఎవరైనా అంటే స్లాబులు చూపించమను.

బీమా విషయంలో నాకు ఎక్కువ కంగారు. పది లక్షలంటే నీ ఏడాది జీతం కంటే కాస్త ఎక్కువ, అంతే. అమ్మానాన్నలు నీ మీద ఆధారపడి ఉంటే విడిగా కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకో. ప్రీమియం వయసుని బట్టీ, సిగరెట్ అలవాటుని బట్టీ మారుతుంది గానీ ఆ ఎండోమెంట్‌కి కట్టేదాంట్లో చిన్న భాగమే అవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ కూడా లేదు. టర్మ్‌లో బతికుంటే ఏమీ రాదు, "డబ్బు వేస్టు" అని ఇంట్లో అంటారు, అననీ.

ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టాక (లేఆఫ్‌ల టైములో అది లేకుండా ఇంకేమీ మొదలుపెట్టకు) మిగిలింది నిఫ్టీ 50 (దేశంలోని 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా కొంత మొత్తం (సిప్). నూటికి ఎంత అని అడక్కు, ఇక్కడ దానికి జవాబు లేదు. 2020 జనవరిలో 12 వేల పైన ఉన్న నిఫ్టీ మార్చి 23కి 7,600కి వచ్చింది, రెండు నెలల్లో. ఆ రోజు ఫోన్ తెరిచి చూసి టెన్షన్‌తో అమ్మేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు, అందులో ఒకడు నా తమ్ముడు. పదేళ్లు ముట్టుకోను అనుకున్న డబ్బే పెట్టు.

అంకుల్‌కి ఏం చెప్పాలా? "ఇది కడతానండీ, కొత్తది వద్దండీ." అంతే.

ప్రశ్న: కరీంనగర్. ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరయ్యాను, 62 ఏళ్లు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 22 లక్షలు ఉన్నాయి, పెన్షన్ నెలకు నాలుగు వేల లోపే. మా అబ్బాయి 15 లక్షలు ఇమ్మంటున్నాడు, హైదరాబాద్ అవతల రీజనల్ రింగ్ రోడ్డు వచ్చే చోట ప్రీ-లాంచ్‌లో ప్లాటు, మూడేళ్లలో డబుల్ అట.

జవాబు: మూడేళ్లలో డబుల్ అంటే నూటికి రెండు రూపాయల పైమాటే. అంత ఖాయంగా వచ్చేదైతే ఆ కంపెనీ మీ రిటైర్మెంట్ డబ్బు కోసం ఎందుకు తిరుగుతుందో అబ్బాయినే అడగండి సార్.

ప్రీ-లాంచ్ అనే మాటకు అర్థం చాలాసార్లు ఒకటే, ఇంకా రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టర్ కాలేదని. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రిజిస్టర్ చేయించకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్ అయ్యాక కూడా, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో పదో వంతు కంటే ఎక్కువ తీసుకోకూడదు. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఆ లేఅవుట్ రిజిస్ట్రేషన్ నంబరు దొరికితే మిగతాది మాట్లాడుకోవచ్చు, "వచ్చే నెల వస్తుంది" అంటే వచ్చే నెలే రమ్మనండి.

ఆ 15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేస్తే 8.2 శాతం, మూడు నెలలకోసారి 30,750 ఖాతాలో పడుతుంది. నెలకు పదివేల పైన. చేరిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. ఏడాదికి వడ్డీ లక్ష దాటుతుంది కాబట్టి పన్ను కోసెయ్యకుండా, నాకు పన్ను పడే ఆదాయం లేదని డిక్లరేషన్ ఫారం ఏటా ఇవ్వాలి, ఇది చాలామంది మర్చిపోతారు. మధ్యలో తీయాల్సి వస్తే ఏడాది దాటి రెండేళ్లలోపు అసలులో ఒకటిన్నర శాతం, ఆ తర్వాత ఒక శాతం కోస్తారు. మిగిలిన 7 లక్షలు ఒకే బ్యాంకులో పెట్టకండి, డిపాజిట్ బీమా బ్యాంకుకు 5 లక్షల వరకే.

అబ్బాయికి మరీ కాదనలేకపోతే ఒక లక్ష ఇవ్వండి, తిరిగి రాదనుకునే ఇవ్వండి. ఇల్లు మీ పేరున ఉంటే ఆ కాగితాలు మాత్రం ఏ లోనుకీ హామీ పెట్టకండి.

ప్రశ్న: మా వియ్యంకుడికి 2 లక్షలు ప్రామిసరీ నోటు మీద ఇచ్చి రెండేళ్ల పది నెలలైంది. ఒక్క రూపాయి రాలేదు. అడిగితే అమ్మాయికి ఇబ్బందని ఆగాను. (అమలాపురం)

జవాబు: ఇంకో రెండు నెలలే ఉంది మీకు. డిమాండ్ నోటుకు (గడువు పెట్టకుండా, అడిగినప్పుడు ఇస్తానని రాసినదానికి) రాసిన తేదీ నుంచి మూడేళ్లే కాలం, ఆ తర్వాత అది కోర్టులో చెల్లదు.

రెండు లక్షలూ ఇప్పుడే ఇమ్మని అడగక్కర్లేదు. వెయ్యి రూపాయలైనా తీసుకుని నోటు వెనక చెల్లు వేయించండి: తేదీ, ఎంత ముట్టిందీ, కింద ఆయన సంతకం. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఫోన్లో డబ్బు కొట్టించుకుని ఊరుకుంటే సరిపోదు, సంతకం ముఖ్యం. లేదంటే నోటు కొత్తగా తిరగరాయించుకోండి, రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకంతో.

ఎలా అడగాలన్నది అసలు ఇబ్బంది, తెలుసు. "బావగారూ, డబ్బుకి తొందరేం లేదు, నోటు తేదీ దాటిపోతోందని మా ప్లీడరు గోల పెడుతున్నాడు" అనండి. నేరం ప్లీడరు మీద వేస్తే ఎవరికీ కోపం రాదు. పండక్కి వాళ్లొచ్చేదాకా ఆగుదామనుకోకండి, ఈ ఆదివారమే నోటు, పెన్ను జేబులో పెట్టుకుని, అమ్మాయిని చూసొస్తానని బయల్దేరండి.