‘టూ మచ్ థింకింగ్’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఏడాదైంది. మీటింగ్‌లో ఎవరైనా ఒక మాట అంటే రాత్రంతా అదే తలుచుకుంటాను, రేపు ఇంకేమంటారో అని మళ్లీ దిగులు. నిద్ర సరిగ్గా పట్టడం లేదు. మొన్న మా మేనేజర్ (ఆవిడకు తెలుగు రాదు) ఎందుకలా ఉన్నావని అడిగితే ‘ఐ యామ్ థింకింగ్ టూ మచ్, ఫుల్ టెన్షన్’ అన్నాను. ఇది ఇంగ్లిష్‌లో సరిగ్గా ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరన్నది ఆవిడకు అర్థమయ్యే ఉంటుంది, దాని గురించి దిగులు పడకండి. అయితే మీ ఉత్తరంలో రెండు రకాల బాధ ఉంది. అయిపోయిన మాటను తవ్వుకోవడం ఒకటి, రాబోయేదానికి భయపడటం ఇంకొకటి. మనం రెంటినీ ‘ఒకటే ఆలోచనలు’ అనేస్తాం, ఇంగ్లిష్‌లో మాత్రం వేర్వేరు మాటలున్నాయి.

అయిపోయినదానికి ‘రూమినేట్’. లాటిన్‌లో దీని అసలు అర్థం నెమరు వేయడం, ఆవు మొదటి పొట్ట పేరైన ‘రూమెన్’ కూడా ఈ మాటకు చుట్టమే. ఇక్కడే మనం పొరబడతాం. తెలుగులో ‘నెమరువేసుకున్నాను’ అంటే ఎక్కువగా తీపి జ్ఞాపకాలే, పెళ్లినాటి ముచ్చట్లో, చిన్ననాటి ఊరో. ఇంగ్లిష్‌లో ఈ రోజుల్లో ‘రూమినేట్’ అంటే మాత్రం చాలాసార్లు చేదునే మళ్లీ మళ్లీ నమలడం, మానసిక వైద్యులు వాడేది కూడా ఈ అర్థంలోనే. మామూలు మాటల్లో అయితే ‘ఐ కీప్ డ్వెల్లింగ్ ఆన్ ఇట్’ అనండి, అంత బరువుగా ఉండదు. రాబోయేదానికి ‘వర్రీ’ చాలు. పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకు గొంతు నులమడం అని అర్థం, రాత్రి రెండింటికి మేలుకుని పడుకున్నవాళ్లకు అది ఎంత సరైన మాటో తెలుస్తుంది. ఒకరు మామూలుగా అన్నదానిలో లేని అర్థాలు వెతుకుతుంటే ‘రీడింగ్ టూ మచ్ ఇంటూ ఇట్’, తీసుకున్న నిర్ణయాన్నే పదేపదే అనుమానిస్తుంటే ‘సెకండ్ గెస్సింగ్ మైసెల్ఫ్’.

‘ఓవర్‌థింక్’ కూడా మంచి మాటే, కానీ తెలుగులో ‘దాని గురించి’ అంటాం కదా, ఆ అలవాటుకు ‘ఓవర్‌థింకింగ్ అబౌట్ ఇట్’ అని వచ్చేస్తుంది. అబౌట్ తీసేయండి, ‘ఐ యామ్ ఓవర్‌థింకింగ్ ఇట్’ అంతే. ‘డిస్కస్’ దగ్గర కూడా ఇదే తప్పు చేస్తాం. ఇంకొకటి, ‘ఐ కాంట్ స్టాప్ థింకింగ్’ అంటే ఆలోచనలు ఆగడం లేదని. అదే ‘ఐ కాంట్ స్టాప్ టు థింక్’ అంటే ఆగి ఆలోచించే తీరిక లేదని, పూర్తిగా తిరగబడిపోతుంది.

టెన్షన్ సంగతి. మన దేశంలో ఎవరితోనైనా చెల్లుతుంది. విదేశీ క్లయింట్ అయితే ‘దేర్ ఈజ్ టెన్షన్’ అన్నప్పుడు టీమ్‌లో ఇద్దరికి పడటం లేదనుకుంటారు, అక్కడ ‘ఐ యామ్ స్ట్రెస్డ్’ అనడం మేలు.

నిద్ర పట్టడం లేదన్నారు, అది నాకు ఇంగ్లిష్ కంటే ముఖ్యంగా తోచింది. వారాల తరబడి అలాగే ఉంటే 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు, తెలుగులోనే మనసులోది చెప్పుకోవచ్చు, మాటలు వెతుక్కోనక్కర్లేదు.

ఇక మేనేజర్‌తో ఇలా అనండి: ‘ఐ కీప్ గోయింగ్ ఓవర్ వాట్ యు సెడ్ ఇన్ ద మీటింగ్. మేబీ ఐ యామ్ రీడింగ్ టూ మచ్ ఇంటూ ఇట్. కుడ్ యు టెల్ మీ వాట్ యు మెంట్?’ అన్నది ఇంకెవరైనా అయితే ‘యు’ మార్చుకోండి. మూడో వాక్యం అయ్యాక ఇంకేమీ కలపకుండా ఆగండి, ఆవిడను చెప్పనివ్వండి.