పాఠకుల ప్రశ్నలు: లారీ మీది జామర్, ఆకాశంలోని ఉపగ్రహం

ప్రశ్న: యుక్రెయిన్ యుద్ధవార్తల్లో రేడియో సంకేతాలను అడ్డుకునే రష్యా సైన్యపు యంత్రం 'జిటెల్' జామర్ పేరు తరచుగా కనబడుతోంది. అంత ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలను నేల మీది ఒక లారీ ఎలా అడ్డుకోగలదు?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మీ ప్రశ్నలో ఒక చిన్న సవరణ అవసరం. ఆ లారీ ఉపగ్రహాన్ని ఏమీ చేయదు. అది చెడగొట్టేది, ఉపగ్రహ సంకేతాన్ని అందుకోవలసిన రిసీవరు వినికిడిని. పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళం పక్కన నిలబడితే, వీధి చివరి నుంచి మనవాళ్లు ఎంత పిలిచినా వినబడదు. లోపం వాళ్ల గొంతులోనూ లేదు, మన చెవిలోనూ లేదు.

జీపీఎస్ విషయంలో ఆ పిలుపు మరీ సన్నం. సుమారు 20,200 కి.మీ. ఎత్తు నుంచి 1575.42 మెగాహెర్ట్జ్ వద్ద బయలుదేరిన తరంగం మన ఫోనును చేరేసరికి, రిసీవరులో సహజంగా ఉండే రొద కన్నా బలహీనపడిపోతుంది. దాని అల్లిక ముందే తెలుసు గనుక రిసీవరు దాన్ని రొదలోంచి ఏరుకోగలుగుతోంది. తరంగబలం దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది, అంటే దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతవుతుంది. 20 కి.మీ. దూరాన ఉన్న జామర్ ఉపగ్రహం కన్నా వెయ్యి రెట్లు దగ్గర కాబట్టి, రెండూ ఒకే శక్తితో ప్రసారం చేసినా జామర్ తరంగం 10 లక్షల రెట్లు బలంగా వచ్చి పడుతుంది. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

జిటెల్ అంటే రష్యన్ భాషలో 'నివాసి' అని అర్థం. పేరుకు నివాసి అయినా అది ఒకచోట ఉండేది కాదు: ఒక ట్రక్కు, దాని వెనుక యాంటెన్నాల ట్రైలరు. 100 నుంచి 2,000 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది కనుక జీపీఎస్‌తో పాటు ఇరిడియం, ఇన్మార్‌శాట్ ఉపగ్రహ ఫోన్లు, 900, 1,800 మెగాహెర్ట్జ్ సెల్‌ఫోన్లు కూడా దాని పరిధిలోకి వస్తాయి. ముందు చెవి ఒగ్గి వినడం, ఎవరు ఏ దిక్కు నుంచి మాట్లాడుతున్నారో పసిగట్టడం, ఆ తర్వాతే గొంతు నొక్కడం దాని పద్ధతి.

అయితే అరిచేవాడి చోటు అందరికీ తెలుస్తుంది. జామర్ పనిచేస్తున్నంతసేపూ తన ఉనికిని తానే చాటుకుంటుంది గనుక, ఎప్పటికప్పుడు చోటు మారగలిగేలా దాన్ని చక్రాల మీద నిలిపారు. అయినా యుక్రెయిన్ సేనలు జిటెల్‌లను వెతికి పట్టుకుని ధ్వంసం చేశాయి. అదే సమయంలో, జీపీఎస్ ఆధారంగా గురి చూసుకునే అమెరికా ఎక్స్‌కాలిబర్ ఫిరంగి గుండ్లు జామింగ్ వల్ల తడబడ్డాయి. ఇప్పుడు రెండు పక్షాలూ కొన్నిచోట్ల రేడియోనే వదిలేసి, వెంట్రుక లాంటి ఆప్టికల్ ఫైబర్‌ను కండె నుంచి వదులుకుంటూ ఎగిరే డ్రోన్లను వాడుతున్నాయి. తీగ గుండా వెళ్లే మాటను ఏ జామరూ ముంచలేదు.

ప్రశ్న: ఇలాంటివి మన సైన్యానికీ ఉన్నాయా? ప్రయాణికుల విమానాలకు వీటివల్ల ప్రమాదం లేదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఉన్నాయి, అవి మీ ఊరితో ముడిపడినవే. వాహనాల మీద కదిలే 'సంయుక్త' వ్యవస్థ రూపకల్పనలో చాంద్రాయణగుట్టలోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాలది ముఖ్య పాత్ర. ఇలాంటిదే మరో వ్యవస్థ 'హిమశక్తి' కోసం 2023 మార్చిలో రక్షణశాఖ సుమారు 3,000 కోట్ల రూపాయల ఒప్పందం కుదుర్చుకున్నది కూడా భారత్ ఎలక్ట్రానిక్స్ వారి హైదరాబాద్ విభాగంతోనే.

విమానాల సంగతి నాకు నిజంగా ఆందోళన కలిగిస్తోంది. నేల మీద కొండలూ, భూమి వంపూ జామర్‌ను కొంత ఆపుతాయి. పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి ఆ చాటు లేదు, సుమారు 400 కి.మీ. దూరాన ఉన్న జామర్‌కు కూడా అది ఎదురుగానే ఉంటుంది. స్పూఫింగ్ ఇంకా చెడ్డది: సంకేతాన్ని ముంచేయకుండా, దొంగ సంకేతంతో విమానాన్ని లేనిచోట ఉన్నట్టు నమ్మిస్తుంది, నడిమి ఆకాశంలో ఉండగా నేల దగ్గరపడుతోంది, పైకి లేపమని కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగిన సందర్భాలున్నాయి. మన దేశంలో 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ ప్రాంతాల్లో జీపీఎస్ అంతరాయం, స్పూఫింగ్ ఘటనలు 465 నమోదైనట్టు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

జీపీఎస్ పోయినంత మాత్రాన విమానం దారి తప్పదు. తన కదలికలను తానే కొలిచి చోటు లెక్కగట్టే జడత్వ పరికరాలతో, నేల మీది రేడియో కేంద్రాలతో నడుస్తుంది. ఆ కేంద్రాలు లేనిచోటే చిక్కు. ఎస్తోనియాలోని టార్టులో దిగే పద్ధతి జీపీఎస్ మీదే ఆధారపడి ఉండడంతో, ఫిన్‌ఎయిర్ 2024 ఏప్రిల్ చివర అక్కడికి విమానాలు ఆపివేసి, జీపీఎస్ అక్కరలేని దారి సిద్ధమయ్యాక జూన్‌లో తిరిగి నడిపింది.