రెండు పేపర్లు తప్పిన ఇంటర్ విద్యార్థికి ముందున్న దారులు

ప్రశ్న: మాది కోనసీమలోని అల్లవరం మండలం. కొద్దిపాటి కొబ్బరితోట, కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువు మా ఆధారం. మా అబ్బాయి ఎంపీసీ రెండో సంవత్సరంలో గణితం, ఫిజిక్స్ తప్పాడు. ఫిజిక్స్‌లో మూడు మార్కులు, గణితంలో పదకొండు మార్కులు తగ్గాయి. వాడి మేనమామ గల్ఫ్‌కు పంపేద్దామంటున్నాడు. కాలేజీవారు సప్లిమెంటరీ రాయించమంటున్నారు. ఓపెన్ స్కూలైతే తేలికని ఇంకొకరు చెప్పారు. ఫలితాలు వచ్చినప్పటి నుంచి వాడు గది దాటి రావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు సప్లిమెంటరీ ఫీజు కట్టండి. మిగిలిన దారుల గురించి ఆ తరువాత నింపాదిగా మాట్లాడుకోవచ్చు గానీ, ఈ ఒక్కదానికి మాత్రం గడువు చాలా తక్కువగా ఉంటుంది. 2025లో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వెలువడితే, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు మే 12న మొదలయ్యాయి. అంటే చదువుకోవడానికి చేతిలో ఉన్నది సరిగ్గా నెల రోజులు. ఫీజును మీ అబ్బాయి చదివిన కాలేజీలోనే కట్టాలి. తప్పిన రెండు పేపర్లు రాస్తే చాలు, నెగ్గిన పేపర్ల మార్కులు ఎక్కడికీ పోవు.

ఫిజిక్స్‌లో మూడు మార్కులే తగ్గాయి కాబట్టి రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేయడం సమంజసమే. అయితే అది పేపరును మళ్లీ మొదటి నుంచి దిద్దడం కాదు. దిద్దకుండా వదిలేసిన జవాబు ఏదైనా ఉందా, కూడికలో పొరపాటు జరిగిందా అన్నది చూస్తారు. ఆ ఫలితం వచ్చేదాకా ఆగుదామని సప్లిమెంటరీ ఫీజు గడువు దాటబెట్టుకున్న కుటుంబాలను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, రెండూ ఒకేసారి చేయండి.

రీవెరిఫికేషన్‌లో మార్కులు పెరగకపోయినా, దానితో చేతికి వచ్చే జవాబుపత్రం నకలు చాలా విలువైనది. ఒక వేసవిలో రావులపాలెం వైపు నుంచి వచ్చిన విద్యార్థినితో కూర్చుని ఆమె ఫిజిక్స్ జవాబుపత్రాన్ని పేజీ పేజీ తిరగేశాను. ఆ పేపరు 60 మార్కులకు, 21 వస్తే గట్టెక్కినట్టు. రెండేసి మార్కుల ప్రశ్నలు పదీ కలిపితేనే 20 మార్కులు. ఆమె ఎనిమిది మార్కుల ప్రశ్న ఒకదానికి బొమ్మ కొట్టేసి మళ్లీ గీసి, నాలుగు పేజీలు నింపింది. రెండు మార్కుల ప్రశ్నల్లో మాత్రం ఆరింటిని ముట్టుకోనే లేదు. తనకు ఫిజిక్స్ రాదని అప్పటిదాకా ఏడ్చిన ఆ పిల్ల, ఆ ఖాళీలను చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆ నెలంతా ఆమె చిన్న ప్రశ్నలే చదివింది, సప్లిమెంటరీలో నెగ్గింది. మీ అబ్బాయి పేపరులో లోపం ఎక్కడుందో కూడా ఇలాగే వెతకాలి. గణితంలో పదకొండు మార్కులు తగ్గాయి కాబట్టి, రోజులో ఎక్కువ సమయం దానికే ఇవ్వాలి.

ఓపెన్ స్కూలు మాట పరిశీలిద్దాం. జాతీయ సార్వత్రిక విద్యాలయంలో (ఎన్ఐఓఎస్) ఉత్తీర్ణతకు 33 శాతం చాలు, కోరుకున్నప్పుడు రాసే ఆన్ డిమాండ్ పరీక్ష కూడా ఉంది. కానీ అక్కడ అయిదు సబ్జెక్టులు పూర్తి చేయాలి, వేరే బోర్డులో నెగ్గిన సబ్జెక్టులను సాధారణంగా రెండింటి వరకే బదిలీ చేసుకుంటారు. అంటే ఇక్కడ రెండు సబ్జెక్టులు రాస్తే సరిపోయే మీ అబ్బాయి అక్కడ మూడు రాయవలసి వస్తుంది. ఎక్కువ సబ్జెక్టులు తప్పినవారికో, చదువు మధ్యలో మానేసినవారికో అది మంచి దారి. మీకు మాత్రం దానివల్ల కలిసొచ్చేది కనిపించడం లేదు.

ఇంజనీరింగ్ ఆలోచన ఉంటే మరొక విషయం గమనించాలి. ఇంటర్ గట్టెక్కడానికి 35 శాతం చాలు గానీ, ఈఏపీసెట్ ప్రవేశపరీక్ష ద్వారా ఇంజనీరింగ్‌లో చేరడానికి గ్రూపు సబ్జెక్టులైన గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలవారికైతే 40 శాతం ఉండాలి. పైగా ర్యాంకు లెక్కలో 25 శాతం వెయిటేజీ ఇంటర్ మార్కులదే. కాబట్టి పాస్ మార్కు దగ్గర ఆగిపోకుండా చదవమని చెప్పండి. డిగ్రీలో చేరాలనుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

సప్లిమెంటరీలో కూడా ఒక పేపరు మిగిలిపోతే, వచ్చే ఏడాది వార్షిక పరీక్షల్లో ఆ ఒక్కటే రాసుకోవచ్చు. కానీ ఒక్క పేపరు కోసం ఏడాదంతా ఖాళీగా కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. పదో తరగతి మార్కులతో ఐటీఐలో చేరవచ్చు. ఎలక్ట్రీషియన్, రిఫ్రిజిరేషన్ వంటి ట్రేడులు రెండేళ్లవి, వెల్డర్ ఏడాదిది. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు, ఐసు ఫ్యాక్టరీలు, శీతల గిడ్డంగులు ఉన్న మన ప్రాంతంలో ఈ పనులు తెలిసినవారి అవసరం ఎంతో మీ చెరువు గట్టు మీదే మీరు చూస్తూ ఉంటారు. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరితే, తరువాత ఈసెట్ అనే మరో ప్రవేశపరీక్ష ద్వారా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోకి నేరుగా వెళ్లవచ్చు.

మేనమామగారి ఉద్దేశం మంచిదే కావచ్చు. పదో తరగతి నెగ్గినవారికి వలస తనిఖీ అవసరం లేని పాస్‌పోర్టు వస్తుందన్నదీ నిజమే. అయినా, పద్దెనిమిదేళ్లు నిండీ నిండని కుర్రవాడు చేతిలో ఏ పనీ లేకుండా వెళితే హెల్పర్‌గానే చేరవలసి ఉంటుంది. ట్రేడు సర్టిఫికెట్ తీసుకుని వెళ్లినవారి జీతం వేరు, వారికి దొరికే మర్యాద వేరు. అంతగా పంపాలనుకుంటే రెండేళ్ల తరువాత, ఒక పని నేర్పించి పంపండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది, వాడు గది దాటి రావడం లేదని మీ లేఖ చివర రాసిన మాట. అబ్బాయిని ఈ వారమంతా ఒంటరిగా వదలకండి. చుట్టాల ముందు మార్కుల ప్రస్తావన తేవద్దు, తోటి పిల్లలతో పోల్చవద్దు. అన్నం సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరు ఇంతమంది అభిప్రాయాలు రాశారు గానీ, అబ్బాయి ఏమంటున్నాడో రాయలేదు. రేపు ఫీజు కట్టడానికి కాలేజీకి వెళ్లేటప్పుడు వాడిని కూడా బండి మీద తీసుకువెళ్లండి, దారిలో వాడినే అడగండి.