పదకొండు "తొలి"లు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ట్యునీషియా టెన్నిస్ ప్లేయర్ ఒన్స్ జాబెర్ మీద నువ్వు రాసిన వ్యాసం అంది పది రోజులైంది. కంటి ఆపరేషన్ తర్వాత ఫోన్ ఎక్కువసేపు చూడొద్దన్నారు. అందుకని ప్రింటు తీయించుకుని చదివాను. కాగితం చేతిలో ఉంటే నా ఎర్ర పెన్ను ఊరుకోదు కదా. "తొలి" అన్న మాట కనపడ్డ చోటల్లా సున్నా చుట్టుకుంటూ పోయాను. లెక్కేస్తే పదకొండు.

ఒక్కటీ తప్పు కాదు. 2011లో ఫ్రెంచ్ ఓపెన్ జూనియర్ టైటిల్ గెలిచిన తొలి అరబ్ అమ్మాయి, 2021లో బర్మింగ్‌హామ్‌లో డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్) టైటిల్ కొట్టిన తొలి అరబ్ మహిళ, అదే ఏడాది టాప్ టెన్‌లోకి వచ్చిన తొలి అరబ్ ప్లేయర్, 2022లో వింబుల్డన్ ఫైనల్ చేరిన తొలి అరబ్ మహిళ. అన్నీ నిజాలే. కానీ చదివేవాడికి మూడో "తొలి" దగ్గరే కళ్లు జారిపోతాయి. ఆ మాట ఆమెకంటే ముందు అక్కడ ఎవరూ లేరని చెబుతుంది తప్ప, ఆమె గురించి ఏమీ చెప్పదు. పైగా ఆ మోజులో నువ్వొక మనిషిని మింగేశావు. సెలిమా స్ఫార్ కూడా ట్యునీషియా అమ్మాయే. చిన్నప్పుడే ఫ్రాన్స్ వెళ్లి ఆట నేర్చుకుని 2001లో 75వ ర్యాంకు దాకా వెళ్లింది. ఆమెకి రెండు వాక్యాలివ్వు. ఖాళీ నేల మీద ఎవరూ నడుచుకుంటూ రారు.

ఇక పేరు. మొదటి పేజీలో "ఒన్స్ జాబెర్", రెండో పేజీలో "ఆన్స్ జబూర్". నేను పేపరు డెస్క్‌లో ఉన్న రోజుల్లో అయితే ఈ ఒక్కదానికే కాపీ వెనక్కొచ్చేది. Ons అన్న ఆ ఇంగ్లిష్ స్పెల్లింగు నిజానికి ఫ్రెంచ్ వాళ్ల చెవితో రాసుకున్నది. అరబ్బీలో ఆ పేరు "ఉన్స్"కి దగ్గరగా పలుకుతారు. చెలిమి, దగ్గరితనం అని అర్థం. మన పేపర్లలో ఒన్స్ అలవాటైపోయింది, అదే ఉంచు. ఏది రాసినా చివరిదాకా ఒకటే రాయి.

"ఎడారిలో పూసిన గులాబీ" అన్నావు. కొట్టేశాను. ఆమె పుట్టిన క్సార్ హెలాల్, పెరిగిన సూస్ రెండూ మధ్యధరా తీరానికి దగ్గర్లోనే ఉన్న ఊళ్లు. ఆ చుట్టుపక్కలంతా ఆలివ్ తోటలు. సూస్‌కి యూరప్ నుంచి సెలవులకి వచ్చే వాళ్లుంటారు, వాళ్ల కోసం పెద్ద పెద్ద హోటళ్లు, ఆ హోటళ్లలో టెన్నిస్ కోర్టులు. పిల్లకి మూడేళ్లప్పుడు రాకెట్ చేతికిచ్చింది అమ్మ సమీరా. నేర్చుకున్నది చాలావరకు ఆ హోటల్ కోర్టుల్లోనే. పన్నెండేళ్లకి రాజధాని ట్యునిస్‌లో క్రీడా పాఠశాలలో చేరింది. ఇసుక ఎక్కడుంది ఇందులో? టూరిస్టులు ఖాళీ చేసిన కోర్టులో ఒక చిన్నపిల్ల బంతి కొడుతోంది అని రాస్తే నీ గులాబీ కంటే బాగా పూస్తుంది.

సానియా మీర్జాతో పోల్చిన పేరా కూడా తీసేయ్. మన హైదరాబాద్ అమ్మాయి అని నాకూ ఇష్టమే. 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచిన మర్నాడు మా ఆఫీసులో పంచిన లడ్డూ రుచి ఇంకా గుర్తుంది. కానీ ఇక్కడ ఆమెతో పనేముంది? ఇద్దరూ ముస్లిం ఇళ్ల ఆడపిల్లలు అన్నదొక్కటే నువ్వు చూపించిన పోలిక. అది సరిపోదు.

అసలు లోటు వేరే ఉంది. 2011లో జూనియర్ చాంపియన్, 2020లో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్. ఈ రెంటి మధ్యా తొమ్మిదేళ్లు. వాటిని నువ్వు "ఎన్నో ఒడిదొడుకులను ఎదుర్కొని" అని మూడు మాటల్లో దాటేశావు. అమ్మాయీ, కథంతా అక్కడే ఉంది. జూనియర్ ఫైనల్లో ఆమె చేతిలో ఓడిన మోనికా పుయిగ్ 2016 రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. అప్పటికి గెలిచినమ్మాయి ఇంకా చిన్నాచితకా టోర్నీలే ఆడుతోంది. 2017 ఫ్రెంచ్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్‌లో, అంటే అసలు టోర్నీలోకి అర్హత కోసం ఆడే మ్యాచుల్లో, ఓడిపోయింది కూడా. ఎవరో తప్పుకుంటే "లక్కీ లూజర్"గా లోపలికి తీసుకున్నారు. అలా దొరికిన చోటుతో వెళ్లి ఆరో సీడ్ (టోర్నీ మేటి ఆటగాళ్ల జాబితాలో ఆరో స్థానం) సిబుల్కోవాని ఓడించి మూడో రౌండ్ చేరింది. తలుపు మూసేశాక కిటికీలోంచి పిలిచినట్టు కదూ? దీన్ని నువ్వు అసలు రాయనే లేదు.

అన్నట్టు, "కళాత్మకమైన ఆట" అని మూడుచోట్ల రాశావు. కళ అంటే ఏమిటో చూపించు. ఆమె డ్రాప్ షాట్ ఒక్కటి తీసుకుని ఫోన్‌లో స్లో చేసి చూడు. భుజం తిప్పుతుంది, రాకెట్ వెనక్కి లాగుతుంది. అచ్చం గట్టిగా బాదబోతున్నట్టే. అవతలి మనిషి ఒకడుగు వెనక్కి వేస్తుంది. అప్పుడు, ఆఖరి క్షణంలో, మణికట్టు మెత్తబడుతుంది. పెనం మీద దోసె కిందికి అట్లకాడ దూర్చినట్టు రాకెట్ బంతి కిందికి జారుతుంది. బంతి వెనక్కి గిరగిరా తిరుగుతూ నెట్ దాటి పడి, లేవాల్సినంత లేవకుండా చచ్చిపోతుంది. పచ్చిక మీదైతే మరీను. ఇదంతా రాసేశాక నీకు "కళ" అన్న మాటతో అవసరమే రాదు.

ఇప్పుడు నా తప్పొకటి చెబుతాను, నవ్వకు. 2022 జులై 9, శనివారం. వింబుల్డన్ ఫైనల్, ఎదురుగా రిబాకినా. ఆ రోజు ట్యునీషియాలో బక్రీద్ కూడా. ఒన్స్ ఫోన్ లాక్ స్క్రీన్ మీద వింబుల్డన్ ట్రోఫీ ఫొటో పెట్టుకుందని ముందే చదివాను. పండగ, ఫొటో, ఆఫ్రికా, చరిత్ర అన్నీ కలిసి నా బుర్ర వేడెక్కించాయి. ఆమె తొలి సెట్ 6-3తో గెలిచిందో లేదో, నేను కూర్చుని గెలుపు వ్యాసం మొదలుపెట్టేశాను. సగం పేజీ రాశాను. తలెత్తేసరికి రెండో సెట్ 6-2తో పోయింది. మూడో సెట్‌లో 2-3 దగ్గర రిబాకినా సర్వీసులో 0-40. అవతలివాళ్ల సర్వీసు గేమ్ లాక్కోవడానికి మూడు అవకాశాలు, మూడు బ్రేక్ పాయింట్లు! ఆ ఒక్క గేమ్ వచ్చుంటే స్కోరు సమమయ్యేది. రాలేదు. 6-2తో రిబాకినా గెలిచి, పాల ప్యాకెట్ కొని ఇంటికెళ్తున్నంత మామూలుగా నెట్ దగ్గరికి నడిచింది. నా సగం పేజీ చింపేశాను. ఆమె ఓడినందుకు కాదు నాకు సిగ్గేసింది, మ్యాచ్ జరుగుతుంటే చూడకుండా రాస్తూ కూర్చున్నందుకు. నీ వ్యాసంలోనూ అదే కనిపిస్తోంది. రెండో సెట్ నుంచి నువ్వు చూడలేదు. చూశావా? ఒట్టు?

ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ ఫైనల్లో స్వియాటెక్ చేతిలో ఓటమి. 2023లో మళ్లీ వింబుల్డన్ ఫైనల్. దానికి ముందు క్వార్టర్స్‌లో రిబాకినా మీద, సెమీస్‌లో సబలెంకా మీద, రెండుసార్లూ మొదటి సెట్ పోగొట్టుకుని గెలిచింది. ఇక ఫైనల్లో ఎదురుపడింది సీడింగ్ లేని వొండ్రుసోవా. ట్యునీషియా అంతా ఈసారి ఖాయం అనుకుంది. తొలి సెట్‌లో 4-2 ఆధిక్యం, రెండో సెట్‌లో 3-1. రెండూ 4-6, 4-6గా చేజారాయి. "దురదృష్టం" అని రాశావు నువ్వు. నేను ఒప్పుకోను. అదే ఏడాది ఆస్ట్రేలియాలోనూ ఇండియన్ వెల్స్‌లోనూ ఆమెని ఓడించింది ఈ వొండ్రుసోవాయే. ఎడంచేతి వాటం, తనకీ డ్రాప్ షాట్ వచ్చు, తొందరపడదు. అంటే ఒన్స్ మాయ పనిచేయని మనిషి. దానికి తోడు టెన్షన్. చేతిలో ఉన్న ఆట చేజారడం చూస్తే దాన్ని అదృష్టం మీదికి నెట్టబుద్ధి కాదు. తన కెరీర్‌లో అన్నిటికంటే బాధపెట్టిన ఓటమి ఇదేనని ఆమే చెప్పింది. కోర్టులోనే ఏడ్చింది.

దీని తర్వాత నీ వ్యాసం "అయినా ఆమె చిరునవ్వు చెరగలేదు" అంటుంది. చెరిగిందమ్మా. ట్యునీషియా జనం ఆమెకి ముద్దుగా పెట్టుకున్న పేరు "ఆనంద మంత్రి". ఎప్పుడూ నవ్వుతూ ఉంటుందని. 2024లో భుజం గాయంతో సీజన్ మధ్యలోనే ఆపేసింది. 2025 వింబుల్డన్‌లో ఎండకి ఊపిరాడక తొలి రౌండ్ మ్యాచ్ మధ్యలోనే తప్పుకుంది. కొద్ది రోజులకే ఆటకి విరామం ప్రకటిస్తూ, రెండేళ్లుగా కోర్టులో తనకి సంతోషంగా అనిపించడం లేదని రాసింది. రెండేళ్లు వెనక్కి లెక్కపెట్టి చూడు, ఎక్కడికి వెళ్తావో. ఆనంద మంత్రి అనే పేరునీ ఈ మాటనీ పక్కపక్కన పెట్టు చాలు. మధ్యలో నువ్వు వ్యాఖ్యానం చేయకు.

"త్వరలోనే తిరిగి వచ్చి గ్రాండ్‌స్లామ్ గెలవాలని కోరుకుందాం" అన్న ఆఖరి వాక్యం కొట్టేశాను. ఎందుకో అడగకు.

2023 ఫైనల్ ఇంకోసారి చూసి, 4-2 దగ్గర్నుంచి ఒక్కో గేమూ కాగితం మీద రాసుకో. ఆ కాగితం కూడా పంపు. ఈసారి మెయిల్ వద్దు, పోస్టులో వెయ్యి. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండనీ. అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

నీ
మాస్టారు