రక్తనాళంలోకి పాకిన లివర్ క్యాన్సర్: కత్తి పట్టే ముందు

నాయనా,

ఆశీస్సులు. నువ్వు పంపిన స్కాన్ రెండుసార్లు చూశాను. కుడివైపు పెద్ద గడ్డ, అక్కణ్నుంచి కుడి పోర్టల్ వెయిన్‌లోకి (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే సిర కుడి కొమ్మలోకి) పాకిన క్యాన్సర్. "ఆపరేషన్ చేసేయమంటారా సార్?" అని అడిగావు. దేన్ని బట్టి తేల్చుకోవాలో చెబుతాను, తేల్చుకోవాల్సింది నువ్వే.

సిరలో ఉన్నది క్యాన్సరేనని రూఢి చేసుకున్నావు కదా? సిర్రోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడటం) ఉన్నవాళ్లకి అక్కడ మామూలు రక్తం కూడా గడ్డకడుతుంది. క్యాన్సర్ అయితే సిర ఉబ్బి ఉంటుంది, ధమని దశ స్కాన్‌లో (ఎక్కించిన మందు ధమనుల్లో ఉండగా తీసేది) లోపలి గడ్డ కూడా మెరుస్తుంది.

అది ఎక్కడిదాకా వచ్చిందన్నది అసలు ప్రశ్న. "రక్తనాళాల్లోకి వెళ్లింది" అని అందరం ఒకే మాట అంటాం గానీ, చిన్న కొమ్మలో ఉన్నదీ మొదటి కొమ్మలో ఉన్నదీ ప్రధాన కాండంలో ఉన్నదీ ఒకే జబ్బులా నడుచుకోవు. 2016లో వచ్చిన జపాన్ దేశవ్యాప్త సర్వే బాగా చదువు. పోర్టల్ వెయిన్‌లోకి పాకిన 6,474 మంది వివరాలున్నాయి అందులో. చైల్డ్-ప్యూ ఎ రోగుల్లో, అంటే లివర్ ఇంకా బాగానే పనిచేస్తున్నవాళ్లలో, ఆపరేషన్ అయినవాళ్ల మధ్యస్థ జీవితకాలం 2.87 ఏళ్లు, కానివాళ్లది 1.10. కాస్త బాగున్నవాళ్లనే ఆపరేషన్‌కి ఎంచుకుంటాం కాబట్టి ఆ తేడా మొత్తం కత్తి గొప్పతనం కాదు. ఇద్దరినీ సమానంగా జతచేసి చూస్తే అది 0.88 ఏళ్లకి తగ్గింది. దాదాపు పదిన్నర నెలలు. అదీ తక్కువేం కాదు. కాండంలోకో అవతలి కొమ్మలోకో చేరినవాళ్లకి మాత్రం ఆ లాభం కనిపించలేదు.

ఆ సర్వే రాకముందు ఒక కేసు చేశాను. కాండం నిండా క్యాన్సర్. "ఏదో ఒకటి చేయండి" అని అన్నదమ్ములు బతిమాలారు. సిర తెరిచి గడ్డంతా శుభ్రంగా లాగాను, రక్తం పెద్దగా పోలేదు. బయటికొచ్చి ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పాను. ఐదోరోజుకి కళ్లు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు చేరింది. మిగిల్చిన లివర్ చాలలేదు. మూడు వారాలు ఐసీయూలోనే గడిచి అక్కడే పోయాడు. ఆపరేషన్ లేకపోతే ఆ మూడు వారాలు ఇంట్లో ఉండేవాడు.

అందుకే మిగిలే లివర్ లెక్క రేడియాలజిస్టుకి వదిలేయకు, నువ్వూ వెయ్యి. సిర్రోసిస్ ఉంటే కనీసం 40 శాతం మిగలాలి. నీ రోగికి కుడి సిర మూసుకుపోయింది కాబట్టి ఎడమవైపు దానంతటదే కొంత పెరిగి ఉండొచ్చు, అది జాగ్రత్తగా చూడు. అన్నవాహికలో ఉబ్బిన సిరలు, ప్లేట్‌లెట్లు, బిలిరుబిన్ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

తొందరపడి ముందే కోయకు. లివర్ క్యాన్సర్ దశలు లెక్కగట్టే బార్సిలోనా పద్ధతి ప్రకారం ఇది సి దశ, అక్కడ మొదటి వైద్యం మందులే. ముందు రేడియేషన్ ఇచ్చి ఆ తర్వాత కోసిన 2019 ట్రయల్‌లో ఏడాదికి 75 శాతం బతికున్నారు, నేరుగా కోసినవాళ్లలో 43 శాతం. ఆ నిరీక్షణలో జబ్బు స్వభావం కూడా బయటపడుతుంది. వైద్యం నడుస్తుండగానే కొత్త గడ్డలు లేస్తే, కత్తి దాన్ని ఆపేది కాదు. గడ్డకి కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవసిజుమాబ్ మందు ఇస్తే మాత్రం ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందే ఆపించు, పుండు మానదు, రక్తం ఆగదు.

టేబుల్ మీద ఒక్క సంగతి: సిరని అదుపులోకి తెచ్చుకోకుండా లివర్‌ని కదిలించకు, పిసకకు. ముక్క జారి అవతలివైపు వెళ్లిందంటే నీ కష్టమంతా వృథా.

ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడు, సంతకం కాగితం చేతికిచ్చి వచ్చేయకు. చాలామందికి జబ్బు మళ్లీ వస్తుందనీ, తరచూ మొదటి ఒకటి రెండేళ్లలోనే వస్తుందనీ చెప్పు. "నయమవుతుంది" అనకు, "కొంతకాలం దొరకొచ్చు" అను. రోగిని పక్కన పెట్టి కొడుకులతోనే మాట్లాడటం మన అలవాటు, అది మానుకో. ఆ కాలం అతనిది.

ట్యూమర్ బోర్డు (క్యాన్సర్ డాక్టర్లంతా కూర్చుని కేసు చర్చించే సమావేశం) ముందుకి వెళ్లేలోపు ఎడమవైపు వాల్యూమ్ ఎంతొచ్చిందో ఫోన్ చేసి చెప్పు. రాత్రయినా ఫర్వాలేదు.

మీ సార్